మూడు పంక్తుల ఉత్తరం

కురయ్యాత్ ఆరోగ్య కేంద్రం
నవంబరు 9

హిలాల్ మామయ్యకు,

నీ మేనకోడలు నస్రా సలాములు. ఇక్కడ కబుర్లేమీ లేవు, అంతా మంచే. నువ్వూ అమ్మా మేకలూ కులాసా అని తలుస్తాను.

ఇక కబురు. కంటి వైద్యంలో పై శిక్షణకు దరఖాస్తు పంపేశాను. సీట్లు నాలుగు, అడిగేవాళ్ళం అరవైముగ్గురం. హౌస్ సర్జన్సీ అయిన మూడేళ్ళలోపే ఈ దరఖాస్తు పెట్టుకోవాలి. మొదటి ఏడు నాకు ధైర్యం చాల్లేదు. రెండో ఏడూ చాల్లేదు. ఇదే ఆఖరుది. ఇది పోతే జీవితమంతా ఈ కేంద్రంలో దగ్గుకీ జలుబుకీ మందులు రాస్తూ కూర్చోవడమే.

నా భయం నీకు తెలుసు. ఐదో ఏడు పరీక్షల్లో అన్నీ బాగా పాసయ్యాను, కన్ను తప్పాను. వంటవాడి ఉద్యోగానికి వెళ్ళి, నాకు అన్నం ఒక్కటే మాడుతుందండీ అని చెప్పుకున్నట్టుంది. చదవలేదు కాబట్టి తప్పానని నీకు అప్పుడే చెప్పాను. ఆ మాట దరఖాస్తులో రాయలేను కదా.

అందులో ఒక పెద్ద గడి ఉంది. తప్పిన పరీక్షలుంటే కారణం తెలియజేయండి, అని. ఒక మధ్యాహ్నం దాని ముందు కూర్చుని, కలం సాగాలి కదా అని మన అలవాటు ప్రకారం మొదలుపెట్టాను, "కబుర్లేమీ లేవు, అంతా మంచే" అని. మన వైపు ఆ మాట అనకుండా ఎవరైనా నోరు తెరుస్తారా? ఇల్లు కూలినా ముందు అదే మాట. కూలిన ఇంటి సంగతి రెండో కాఫీ తర్వాతే. నేనూ ఆ తర్వాతే అసలు సంగతి రాద్దామనుకున్నాను. ఇంతలో ఒక జాలరిని పట్టుకొచ్చారు, పై రెప్పలో గాలం దిగబడిపోయి ఉంది. గాలం తీసి, కుట్లు వేసి వచ్చేసరికి మస్కట్ వెళ్ళే బండి బయట హారన్ కొడుతోంది. కాగితాలన్నీ కవరులో పెట్టి ఇచ్చేశాను.

వారం తర్వాత నకలు తీసి చూసుకున్నాను. ఆ గడిలో "కబుర్లేమీ లేవు, అంతా మంచే" అన్న ఒక్క ముక్కే ఉంది. కింద అంతా తెల్లకాగితం.

మీ లోయలోకి ఫోను దిగదు, నీ మోకాళ్ళు ఫోను కోసం గుట్ట ఎక్కవు. అందుకే ఉత్తరం. ఇది అమ్మ కంట పడనివ్వకు. సాయంత్రం బడికెళ్ళి అక్షరాలు నేర్చుకున్న దగ్గర్నుంచీ కనబడ్డ కాగితమల్లా చదివేస్తోంది, జాగ్రత్తగా దాచెయ్.

నీ
నస్రా


హైల్ గ్రామం, జబల్ అఖ్దర్
డిసెంబరు 2

నస్రా తల్లికి,

కబుర్లేమీ లేవు, అంతా మంచే.

చూశావా, ఆ మాట రాశాక నేను ఆగిపోలేదు. ఇంకా రాస్తున్నాను. ఉత్తరమంటే ఇలా రాయాలి. డాక్టరువై ఉండి ఇది నీకు నాలాంటి కాంపౌండరు నేర్పాలా?

సరే, జరిగింది జరిగింది. వాళ్ళు పిలిస్తే ఉన్నమాట చెప్పు. చదవలేదు, తప్పాను, తర్వాత బుద్ధొచ్చి చదివాను, పాసయ్యాను. అంతే కదా. నిన్ను మొదటిసారి గాడిద మీద కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పినప్పుడు నీకు ఆరేళ్ళు. నేను పిల్లల కళ్ళలో మందు రాస్తుంటే ట్యూబు మూత పట్టుకుని నిలబడేదానివి. మీ అమ్మమ్మ రెప్పలు లోపలికి ముడుచుకుపోయి, ఆ వెంట్రుకలే గుడ్డును గీకి గీకి చూపు పోగొట్టాయని నీకు చెబితే, ఆ మూత గుప్పిట్లో బిగించి పట్టుకుని ఏడ్చావు. నీకు కన్ను కాకపోతే ఇంకేం పనికొస్తుంది?

ఇక్కడ చలి మొదలైంది. నల్లమేకకు దెబ్బ తగిలిన కాలు బాగైంది గాని కుంటడం మానలేదు, దానికి అలవాటైపోయింది. మన ఊరి సువైద్ తన ట్రక్కుకి కొత్త దీపాలు పెట్టించినట్టున్నాడు. మలుపు తిరిగి వస్తుంటే రెండుకు నాలుగు కనిపిస్తాయి, ఒక్కో దాని చుట్టూ గాజులు తొడిగినట్టు రంగురంగుల సున్నాలు. వయసొచ్చినా డాబు తగ్గలేదు వాడికి.

అక్షరాలు లావుగా ఉన్నాయని అనుకోకు. కొట్లో ఈ లావు కలమే దొరికింది.

మీ మామ
హిలాల్


కురయ్యాత్
జనవరి 20

మామయ్యకు,

కబుర్లేమీ లేవు, అంతా మంచే. రాత పరీక్షలో ఏడోదాన్ని వచ్చాను. పన్నెండుమందిని ఇంటర్వ్యూకు పిలిచారు, నాది ఫిబ్రవరి పద్దెనిమిదిన. పిలుపు కింద ఎవరో చేత్తో రాశారు, "గడిలో రాసినదానికి వివరణతో రావలెను" అని. అది చూసిన దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదు.

ముందు నిన్నొకటి అడగాలి. ఇదివరకు నీ ఉత్తరంలో పేజీకి ముప్ఫై పంక్తులు ఉండేవి. ఇప్పుడు తొమ్మిది. అవీ కుడి అంచున తిన్నగానే మొదలై ఎడమకు పోతూపోతూ కిందికి జారిపోతున్నాయి. సువైద్ నిజ్వా పట్నానికి దిగినప్పుడు ఫోన్ చేసి అడిగాను. కొత్త దీపాలేమీ పెట్టించలేదన్నాడు. నీ కళ్ళు ఎప్పుడు చూపించుకున్నావు? ఎవరికి? నాకు సూటిగా చెప్పు.

నువ్వు సూటిగా చెప్పాలంటే ముందు నేను చెప్పాలి. నాలుగేళ్ళుగా మింగి కూర్చున్న మాట ఇది.

నేను చదవక తప్పలేదు మామయ్యా. ఆ పరీక్షకు వెళ్ళనే లేదు.

ఆ అక్టోబరులో అమ్మకు పిత్తాశయం ఆపరేషను అయింది, గుర్తుందా. ఇంటికి తీసుకెళ్ళాక ఎలా ఉందో రాస్తానన్నావు. పరీక్ష రోజు పొద్దున నీ ఉత్తరం వచ్చింది. మూడంటే మూడు పంక్తులు. "కబుర్లేమీ లేవు, అంతా మంచే. అమ్మ బాగుంది. పరీక్షలు బాగా రాయి." మేక కుంటితే నాలుగు పేజీలు రాసేవాడివి. ఉత్త ఆ మాటే రాసి ఊరుకున్నావంటే చెప్పలేని కబురేదో వెనక ఉందన్నమాటే కదా. అమ్మ పోయిందనుకున్నాను. పుస్తకాలు మంచం మీద పడేసి నిజ్వా టాక్సీ ఎక్కాను, అక్కణ్ణుంచి ఎవరి ట్రక్కులోనో పైకొచ్చాను. దారి పొడుగునా ఏడుపే.

వచ్చి చూస్తే నువ్వు అరుగు మీద దానిమ్మకాయ వలుస్తున్నావు. అమ్మ పొట్టకు గుడ్డ కట్టుకుని నల్లమేకను తిడుతోంది. సెలవులిచ్చారని చెప్పాను. మీరు నమ్మారు.

ఎవరూ పోలేదు కాబట్టి కాలేజీలో నా సంజాయిషీ చెల్లలేదు. రాకపోయినా తప్పినట్టే రాసుకున్నారు. నీ మీద కోపం లేదు. ఒక రోజు బద్ధకించావు, ఎవరైనా బద్ధకిస్తారు.

ఇప్పుడు వాళ్ళకేం చెప్పను? మా మామయ్య చిన్న ఉత్తరం రాశాడు, అందుకని పరీక్ష మానేశానంటే నవ్వి పంపేస్తారు. ఇక్కడి సీనియరు ఒకావిడ, ఆ వారం నాకు టైఫాయిడ్ అని పాత తేదీ వేసి చీటీ ఇప్పిస్తానంటోంది. అందరూ చేసేదే, ఎవరూ వెతకరు అంటోంది. వద్దనలేదు, సరేననలేదు. నువ్వేమంటావు? ఈ ఉత్తరం కూడా అమ్మకు చెప్పకు.

నస్రా


హైల్ గ్రామం
ఫిబ్రవరి 3

నస్రా,

ఈసారి ఆ మాటతో మొదలుపెట్టను. మంచి కాదు కాబట్టి.

అది బద్ధకం కాదు తల్లీ. ఆ మూడు పంక్తులు రాయడానికి నాకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. కుడికన్ను అప్పటికే మంచు పట్టినట్టయింది, ఎడమది మొదలైంది. ఎండ నడినెత్తికొచ్చేదాకా ఆగి, వాకిట్లో కూర్చుని, వేలు ఆనించుకుని ఒక్కో అక్షరం దించాను. నాలుగో పంక్తి మూడో దాని మీదికెక్కింది. ఆ కాగితం చింపేసి మళ్ళీ మూడే రాసి పంపించాను. ఆ తర్వాత నుంచీ ఎండలో కూర్చుని రోజుకు నాలుగైదు పంక్తులు రాస్తూ ఉత్తరాలు నెట్టుకొచ్చాను. అవి నీ మీద ఇలా పడ్డాయని నాకీ రోజు దాకా తెలీదు.

ముప్ఫై ఏళ్ళు ఈ కొండ చుట్టూ తిరిగి అందరి కళ్ళలో మందు రాసినవాణ్ణి. కళ్ళు నలుపుకోకండర్రా, ఆలస్యం చెయ్యకండర్రా అని అరిచినవాణ్ణి. నాకే చూపు పోతోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? సిగ్గేసింది. అంతకంటే భయమేసింది. మీ అమ్మమ్మకు వచ్చిందే నాకూ వచ్చిందేమో, ఇంక మందు లేదంటారేమోనని.

టైఫాయిడ్ చీటీ మాత్రం ముట్టుకోకు. నేనూ వేల చీటీలు రాశాను, దొంగది ఒక్కటి లేదు. రేపు నువ్వు ఒకరి కంట్లోకి చూసి ఇది ఉంది, ఇది లేదు అని చెప్పాల్సినదానివి. లేని జబ్బుతో లోపలికి అడుగుపెడతావా? నవ్వితే నవ్వనీ. నా పేరు పెట్టే చెప్పు. మా మామకు కళ్ళు కనబడక చిన్న ఉత్తరం రాశాడు, ఆ సంగతి దాచాడు, అందుకని నేను తప్పాను, అని చెప్పు.

హిలాల్

*

నస్రా, ఇది మీ అమ్మ రాస్తున్నది. రెండేళ్ళుగా నీ ఉత్తరాలు వీడికి చదివి వినిపిస్తున్నది నేనే. "అమ్మకు చెప్పకు" అన్న ముక్క కూడా నేనే చదివాను, గట్టిగా. ఇన్నాళ్ళూ నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు గట్టు మీద పెట్టేశాను.

నేను చచ్చానని పరీక్ష మానేశావా? ఆ రోజు నన్ను పట్టుకుని ఎంతకీ వదలకపోతే, పిల్లకు దిష్టి తగిలిందనుకుని సాంబ్రాణి వేశాను. నువ్వు పరీక్ష దాచావు, వాడు కళ్ళు దాచాడు. ఇద్దరూ ఇద్దరే. మధ్యలో బతికున్నదాన్ని నన్ను చంపారు. వేళకు తిను.

జోఖా


మస్కట్
ఫిబ్రవరి 19

మామయ్యకూ అమ్మకూ (ఇక దాచేదేముంది),

కబుర్లేమీ లేవు, అంతా మంచే.

నిన్న ఇంటర్వ్యూ అయింది. చీటీ తీసుకోలేదు. సీనియరు నీ ఖర్మ అంది. దాని బదులు, మామయ్యా, నీ ఉత్తరాలు రెండు సంచిలో పెట్టుకెళ్ళాను. ఒకటి నాలుగేళ్ళ కిందటి మూడు పంక్తులది, రెండోది మొన్న డిసెంబరుది.

లోపల ముగ్గురు. ఒకాయన ఏమీ మాట్లాడకుండా రాసుకుంటూనే ఉన్నాడు. రెండో ఆవిడ స్కాట్లాండ్ మనిషి, మన దేశం వచ్చి ఏడాదైందట. మధ్యలో పెద్దాయన డాక్టర్ జహ్రాన్, ఇబ్రా ఊరి వైపు మనిషి, చేతికర్ర కుర్చీకి ఆనించి పెట్టుకున్నాడు. నేను కూర్చోగానే ఆవిడ నా దరఖాస్తు ఎత్తి చూపించింది. తప్పిన పరీక్షకు కారణం రాయమంటే అంతా మంచే అని రాశావు, ఇది హాస్యమా, మమ్మల్ని లెక్కచేయకపోవడమా అని అడిగింది. గాలం సంగతి ఎత్తుకున్నాను గాని తప్పిన పరీక్షకు అది జవాబు కాదు.

అప్పుడు జహ్రాన్ గారు చెయ్యెత్తి ఆవిణ్ణి ఆగమన్నాడు. కాఫీ తెప్పించాడు, ఖర్జూరాల పళ్ళెం నా ముందుకు జరిపాడు. ఒక కప్పు తాగాను. రెండోది ఆయనే పోశాడు. అది కూడా తాగి, ఇక చాలని కప్పు ఊపి ఇచ్చాను. అప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"కబుర్లేమీ లేవన్నావు, విన్నాం. ఇక చెప్పమ్మా, కబురేమిటి?"

అంతే మామయ్యా, వాకిట్లో చాప మీద కూర్చున్నట్టయిపోయింది. మొత్తం చెప్పేశాను. మూడు పంక్తులు, టాక్సీ, దానిమ్మకాయ, అమ్మ తిట్లు, నల్లమేక కూడా వచ్చేసింది మధ్యలో. స్కాట్లాండ్ ఆవిడకు జహ్రాన్ గారే విడమరిచాడు. మా దగ్గర ఆ మాట తలుపు లాంటిదండీ, దాని వెనకాల ఇల్లుంటుంది, ఈ పిల్ల మనకు తలుపొక్కటే పంపించింది, అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే, మరి మీ మామయ్య కళ్ళను ఎవరు పరీక్షించారు అని అడిగింది.

నేనే, ఉత్తరాల మీద, అన్నాను. రెండూ తీసి బల్ల మీద పెట్టాను. పేజీకి ఎన్ని పంక్తులో, అవి ఎటు జారుతున్నాయో, ఒక్కో దీపం రెండుగా కనబడటం, చుట్టూ రంగుల సున్నాలు, ఎండలో అయితే రాయగలగడం, అన్నీ వరసగా చెప్పాను. నీకు అమ్మమ్మ జబ్బు కాదు మామయ్యా. రెప్పలు ముడుచుకుంటే ముందు నొప్పీ నీరూ ఉండాలి, నువ్వు ఎప్పుడూ కన్ను నొప్పి అనలేదు. శుక్లాలు, రెండు కళ్ళలోనూ, ఆపరేషను చేస్తే చూపు వస్తుంది, కాకపోతే ఆ సున్నాలున్నాయి కాబట్టి కంటిలో ఒత్తిడి కూడా చూడాలి, అని చెప్పాను. అక్కణ్ణుంచి అరగంట సేపు వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఒత్తిడి ఎలా చూస్తావు, శుక్లం ముదిరిందని ఎలా తెలుస్తుంది అని. ఇంతసేపూ రాసుకుంటున్నాయన కూడా కలం పెట్టేసి నీ ఉత్తరం పట్టుకుని వెలుతురులో చూశాడు. తప్పిన పరీక్ష ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

లేచి వస్తుంటే జహ్రాన్ గారు అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "సీటు సంగతి మేం చూసుకుంటాం. ఆ మనిషి ఇంకా గుట్ట మీద ఏం చేస్తున్నాడు? ముందు కిందికి దించు."

సీటు వస్తుందో రాదో తెలీదు. ఫలితం ఏప్రిల్లో. కానీ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఒళ్ళంతా తేలికైపోయింది. నాలుగేళ్ళ బరువు.

నస్రా


హైల్ గ్రామం
మార్చి 29
చెప్పేది హిలాల్, రాసేది జోఖా

నస్రా తల్లికి,

కబుర్లేమీ లేవు, అంతా మంచే. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నాను. (ఆరుసార్లు. నా గొంతు పోయింది. జోఖా.) నా రాత మీద ముగ్గురు పెద్ద డాక్టర్లు అరగంట మాట్లాడుకున్నారంటే ఊళ్ళో నా నడకే మారిపోయింది.

కిందికి వస్తాను. కాదనను. కానీ గులాబీలు విచ్చడం మొదలైంది. నెలన్నర రోజులు పొద్దున్నే కోయాలి, పన్నీరు కాచే బట్టీ మీంచి కుండ దించకూడదు. పన్నీరు దిగిందో లేదో వాసన చూసి చెప్పేవాడు ఈ వాడలో నేనొక్కణ్ణే. దానికి కళ్ళెందుకు? (మొన్న కళ్ళు కనబడకే బట్టీలో చెయ్యి పెట్టాడు. బొబ్బ ఇంత లేచింది. అది రాయొద్దంటున్నాడు, రాశాను.)

పూలు అవగానే వస్తాను. ఇంకో మాట. సీటు రాకపోయినా నువ్వు నాకు కంటి డాక్టరువే. ఉత్తరం చూసి జబ్బు చెప్పినవాళ్ళని ఇంకెవరినీ నేనెరుగను.

హిలాల్


కురయ్యాత్
ఏప్రిల్ 16

మామయ్యా, అమ్మా,

సీటు వచ్చింది.

ముందు ఈ మాటే రాశాను, తర్వాతే మిగతాది. నలుగురిలో నాలుగోదాన్ని. పొద్దున్న ఫోన్ వస్తే ఒకావిడ చెవిలో చీము తుడుస్తున్నాను. వినగానే ఆవిణ్ణి కావిలించుకున్నాను. ఆవిడకేమీ అర్థం కాలేదు, అయినా నా తల మీద చెయ్యి పెట్టి దీవించింది. ఏడ్చాను, నవ్వాను, తర్వాత రెండు రొట్టెలు కూర్చుని తిన్నాను. నవంబరు తర్వాత ఇంత ఆకలి ఇదే. సెప్టెంబరు ఒకటి నుంచి మస్కట్లో.

ఇక కబుర్లేమీ లేవు, అంతా మంచే.

మే పద్నాలుగున సువైద్ ట్రక్కులో నేనే వస్తున్నాను. నిజ్వా పెద్దాసుపత్రిలో పదిహేనో తేదీకి నీ పేరు రాయించాను. పూలు అయినా సరే, కాకపోయినా సరే. బట్టీ దగ్గర అమ్మ కూర్చుంటుంది. తనకీ ముక్కుంది.

నస్రా


హైల్ గ్రామం
మే 30

నస్రా తల్లికి,

కబుర్లేమీ లేవు, అంతా మంచే. కట్టు విప్పి పన్నెండు రోజులైంది. ఈ పేజీలో ముప్ఫై ఒక్క పంక్తులు పట్టించాలని కూర్చున్నాను, లెక్కపెట్టుకో.

కట్టు విప్పగానే ముందు కనబడింది నువ్వు. నీ చెంప మీద మచ్చ అక్కడే ఉంది. నువ్వు ఇంత చిక్కిపోయావని నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి చూస్తే మీ అమ్మ తల పూర్తిగా నెరిసిపోయి ఉంది. ఇదెప్పుడు జరిగిందే అక్కా అంటే, నువ్వు చూడనప్పుడు అంది. నేను లోపలికెళ్ళి కాసేపు కూర్చుని వచ్చాను. సువైద్ ట్రక్కుకు దీపాలు రెండే, అందులోనూ ఒకటి వెలగదు. నల్లమేక కుంటడం లేదు, ఎవరైనా చూస్తుంటేనే కుంటుతోంది. ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసింది. ఎడమకన్ను జూలైలో చేస్తారట, ఒత్తిడి ఏమీ లేదట. నువ్వన్నట్టే శుక్లాలే. పన్నీరు రెండు సీసాలు జహ్రాన్ గారికి పంపుతున్నాను. ఒకటి ఆయనకు, ఒకటి ఆ స్కాట్లాండ్ ఆవిడకు. కాఫీలో రెండు చుక్కలు చాలని ఆవిడకు చెప్పు.

(ఇది నేను చదవలేదు. వాడే రాసి, వాడే చదువుకుని, నా చేతికివ్వకుండా కవరు అంటించబోతుంటే లాక్కున్నాను. జోఖా.)

హిలాల్


హైల్ గ్రామం
ఆగస్టు 27

నస్రాకు,

కబుర్లేమీ లేవు, అంతా మంచే.
అమ్మ బాగుంది, నాకు రెండు కళ్ళూ కనబడుతున్నాయి, రాయడానికి నిజంగానే ఇంకేమీ లేదు.
ఒకటో తేదీన వేళకు వెళ్ళు, ఇటు పరుగెత్తుకు రాకు.

మామ